పాత మానిటర్ విప్పి ప్రొజెక్టర్ చేద్దామనుకుంటున్నా, ఎక్కడ చెయ్యి పెట్టకూడదో చెప్పండి

#1 పాతసామాను
అందరికీ నమస్కారం. అటక సర్దుతుంటే 15 అంగుళాల పాత ఎల్‌సీడీ మానిటర్ ఒకటి దొరికింది. 1024×768, వెడల్పు తక్కువగా ఉండే రకం. ఆర్నెల్ల కిందటి దాకా బొమ్మ శుభ్రంగా వచ్చేది. ఒకరోజు కరెంటు పోయి వచ్చాక ఇక వెలగలేదు, బటన్ దగ్గరి చిన్న లైటు కూడా రావట్లేదు. దీని గాజు తెర బయటికి తీసి, వెనక గట్టి ఎల్ఈడీ, ముందు లెన్స్ పెట్టి ప్రొజెక్టర్ చేద్దామని ఉంది. వీడియోల్లో చూస్తే అందరూ రెండు నిమిషాల్లో విప్పేస్తున్నారు. నాకు సోల్డరింగ్ కాస్త వచ్చు, మల్టీమీటర్ ఉంది, ధైర్యమే తక్కువ. ఏది ముందు విప్పాలి, దేన్ని ముట్టకూడదు? వెనక లైటు తీసేశాక తెర అసలు పని చేస్తుందా?

#2 తొందరబాబు
బ్రో, ఎల్‌సీడీయే కదా, పిక్చర్ ట్యూబ్ కాదుగా, భయమెందుకు? ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకో. ఉన్న కరెంటంతా దిగిపోతుంది. ఇంకా అనుమానంగా ఉంటే పెద్ద కెపాసిటర్ కాళ్లకి స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టు, టప్‌మంటుంది, అయిపోయింది. నేను ఇప్పటికి మూడు విప్పా, బతికే ఉన్నా.

#3 టంకంకడ్డీ
పాతసామానూ, పైన తొందరబాబు రాసింది పక్కన పెట్టి ఇది చదువు.

నీ మానిటర్‌కి అడాప్టర్ బయట ఉందా, లేక కరెంటు వైరు నేరుగా వెనక్కి గుచ్చుకుంటుందా? అడాప్టర్ బయట ఉండే రకమైతే లోపలికొచ్చేది 12 వోల్టులో 19 వోల్టులో డీసీ. అందులో భయపడాల్సింది బ్యాక్‌లైట్ ఇన్వర్టర్ (తెర వెనక దీపాలకి ఎక్కువ వోల్టేజీ తయారుచేసే బోర్డు) ఒక్కటే, అదీ కరెంటు ఉన్నప్పుడే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లెవరైనా అలాంటి మానిటరే వెతుక్కోవాలంటాను.

వైరు నేరుగా వెళ్తుంటే లోపల పవర్ సప్లై బోర్డు ఉంటుంది. 230 వోల్టుల ఏసీని డయోడ్ బ్రిడ్జి డీసీగా మార్చి ఒక లావుపాటి కెపాసిటర్‌లో నింపుతుంది. ఆ కెపాసిటర్ మీద ఉండేది 230 కాదు, దాదాపు 325 వోల్టులు. దాని ఒంటి మీద 400 వోల్టులు లేదా 450 వోల్టులు అని రాసి ఉంటుంది, బోర్డు మీద అన్నిటికన్నా పెద్దది అదే, గుర్తుపట్టడం కష్టం కాదు.

బటన్ నొక్కి పట్టుకుంటే దిగిపోతుందన్న మాట సగమే నిజం. బాగా పని చేస్తున్న మానిటర్‌లో ప్లగ్ తీశాక కూడా సప్లై కాసేపు నడుస్తూ ఆ కెపాసిటర్‌ని తనే తాగేస్తుంది. చచ్చిపోయిన మానిటర్‌లో తాగేవాడెవడు? సప్లై నడవదు కాబట్టి నిండిన చార్జి నిండినట్టే కూర్చుంటుంది. నీది చచ్చినదే. బతికున్న దానికన్నా దాన్నే ఎక్కువ అనుమానించాలి.

#4 తొందరబాబు
మాస్టారూ, మరీ భయపెడుతున్నారు. అంత చిన్న కెపాసిటర్‌లో ఏముంటుందండీ?

#5 నిదానం
లెక్క చూద్దాం. 15 అంగుళాల మానిటర్లలో అది మామూలుగా 82, 100 మైక్రోఫారడ్‌ల దగ్గర ఉంటుంది. 82 అనుకుని 325 వోల్టుల దగ్గర లెక్కేస్తే 4.3 జౌళ్లు. దెబ్బ తగిలేంత ఉంది, చెయ్యి దానంతటదే వెనక్కి లాక్కునేంత ఉంది. ఛాతీ మీదుగా వెళ్తే అంతకన్నా పెద్ద మాటే.

ఇక స్క్రూడ్రైవర్. నేనూ ఒకసారి ఆ పని చేశాను కాబట్టి చెప్తున్నా. తుపాకీ పేలినట్టు శబ్దమొచ్చింది. స్క్రూడ్రైవర్ మొన మీద కందిగింజంత గుంట పడింది, బోర్డు మీది రాగి గీత ఒకటి లేచిపోయింది. షాక్ తగల్లేదు గానీ, ఉలికిపాటుకి చెయ్యి వెనక్కి లాగినప్పుడు హీట్‌సింక్ అంచు కోసుకుని మణికట్టు దగ్గర తెగింది. ఆ మచ్చ ఇంకా ఉంది.

సరైన పద్ధతి: 2.2 కిలో ఓంలు, 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్ ఒకటి తీసుకోండి. రెండు కాళ్లకీ మంచి ఇన్సులేషన్ ఉన్న వైర్లు సోల్డర్ చేసి, అతుకుల మీద స్లీవ్ వేయండి. రెండు వైర్లనీ కెపాసిటర్ రెండు కాళ్లకి పది సెకన్లు ఆనించండి. నిజానికి ఒక సెకనులోనే దిగిపోతుంది, మిగతా తొమ్మిదీ మన మనశ్శాంతికి. తర్వాత మీటర్‌ని డీసీ 1000 వోల్టుల రేంజిలో పెట్టి చూడండి. ఐదు నిమిషాలాగి మళ్లీ చూడండి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకి ఒక గుణం ఉంది, ఖాళీ చేశాక కూడా కొన్ని వోల్టులు మెల్లగా పైకి పాక్కుంటూ వస్తాయి. అప్పుడు రెసిస్టర్ ఇంకోసారి ఆనించాలి.

ఇదంతా చేసేటప్పుడు ఒక చెయ్యి జేబులో ఉండాలి. ఉంగరాలు, వాచీ తీసేయాలి. ఆ బోర్డు మీద అల్యూమినియం హీట్‌సింక్‌లు చూసి లోహపు రేకే కదా అని పట్టుకోవద్దు. మెయిన్స్, అంటే గోడ ప్లగ్గు కరెంటు వైపున్నది చాలా బోర్డుల్లో ఆ వైపు వోల్టేజీకే కలిసి ఉంటుంది.

#6 పాతసామాను
అమ్మో. వైరు నేరుగా వెళ్లే రకమేనండీ నాది. రెసిస్టర్ తెచ్చాకే విప్పుతా. నిన్న రాత్రి ఓసారి వెలుగుతుందేమోనని ప్లగ్ పెట్టి చూసి తీసేశా. అదీ లెక్కలోకి వస్తుందా?

#7 టంకంకడ్డీ
రాకేం. నిన్న రాత్రే నువ్వు దాన్ని మళ్లీ నింపావు.

#8 గాజుకన్ను
కరెంటు సంగతి పెద్దవాళ్లు చూసుకుంటున్నారు, నాది వేరే మాట. ఎల్‌సీడీలన్నీ ప్రొజెక్టర్‌కి పనికిరావు. గాజు అంచుల్లోంచి పల్చటి పట్టీలు వంగి వెనక్కి వెళ్లి చిన్న బోర్డులకి అతుక్కుని ఉంటాయి. మానిటర్‌లో ఆ బోర్డులు గాజు వెనక దాక్కుంటాయి, బ్యాక్‌లైట్ మధ్యలో ఉంటుంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. ప్రొజెక్టర్‌లో గాజు వెనక నుంచి వెలుతురు రావాలి, కాబట్టి ఆ బోర్డులు పక్కకి తెరుచుకోవాలి. కొన్నిటిలో పొడుగు అంచు బోర్డునీ పక్క అంచు బోర్డునీ కలుపుతూ అడ్డంగా ఒక పట్టీ ఉంటుంది. బోర్డులు తెరిస్తే అది చాలదు, తెర మూలకి అడ్డంగా నిలుస్తుంది. ప్యానెల్ వెనక రేకు తీయగానే ముందు ఇది చూడండి. అది పొట్టిదైతే లెన్సులకి డబ్బు పెట్టకముందే ఆగిపోవచ్చు.

#9 పాతసామాను
విప్పాను. మూడు గంటలు పట్టింది, వీడియోలో రెండు నిమిషాలు!

దుప్పటి నాలుగు మడతలేసి మానిటర్‌ని దాని మీద బోర్లా పెట్టాను. స్టాండ్ స్క్రూలు నాలుగు కనిపించాయి, అవి తీసినా మూత కదల్లేదు. వెనక అంటించిన స్టిక్కర్ మీద వేలితో రాస్తే ఒకచోట మెత్తగా లోపలికి దిగింది, దాని కింద ఐదోది. తర్వాత పాత ప్లాస్టిక్ కార్డుతో కింది అంచు నుంచి మొదలుపెట్టా. ప్రతి క్లిప్పూ టక్కుమన్నప్పుడల్లా ఏదో విరిగిందనే అనిపించింది. మొత్తానికి ఒకటే విరిగింది. ముందు చట్రానికి బటన్ల బోర్డు వైరు తగులుకుని ఉంది, లాగబోయి చివరి క్షణంలో చూశా. స్క్రూలన్నీ కాగితం మీద మానిటర్ బొమ్మ గీసి, ఏది ఎక్కడిదో అక్కడే టేపుతో అంటించా.

లోపల ఒక రేకు పెట్టె. అది తీస్తే రెండు బోర్డులు. కెపాసిటర్ 82 మైక్రోఫారడ్‌లు, 450 వోల్టులు, నిదానం గారు చెప్పినట్టే. మీటర్ పెట్టా. 187. ప్లగ్ తీసి అప్పటికి ఇరవై గంటలు దాటింది. కాసేపు మీటర్ వైపే చూస్తూ కూర్చున్నా. ఎడమ చెయ్యి జేబులోనే ఉంది లెండి.

రెసిస్టర్ ఆనించాక సున్నా. మంచినీళ్లు తాగొచ్చి చూస్తే 6 వోల్టులు. మళ్లీ ఆనించా.

#10 తొందరబాబు
187??? ఇరవై గంటల తర్వాతా?

#11 టంకంకడ్డీ
నేననుకున్నదే. సప్లై మొదలవడానికి కంట్రోల్ ఐసీకి తొలి గుక్క కరెంటు ఇచ్చే స్టార్టప్ రెసిస్టర్ ఒకటుంటుంది, పెద్ద విలువది. ఏళ్ల తరబడి 300 వోల్టుల కింద ఉండి ఉండి అది తెగిపోవడం మామూలే. తెగితే రెండు సంగతులు ఒకేసారి జరుగుతాయి. సప్లై లేవదు, కెపాసిటర్‌లో చార్జి దిగే దారి మూసుకుపోతుంది. నీ మానిటర్ ఎందుకు చచ్చిందో, 187 ఎందుకు మిగిలిందో, రెంటికీ జవాబు బహుశా ఆ ఒక్క రెసిస్టరే.

దాన్ని బాగు చెయ్యమని మాత్రం చెప్పను. నీకు ఆ బోర్డుతో పనేముంది? ఆ బోర్డు ఇచ్చేవి రెండే: ఇన్వర్టర్‌కి 12 వోల్టుల చుట్టుపక్కల ఒకటి, మెయిన్ బోర్డుకి 5 వోల్టులు. ఇన్వర్టర్ నీకు అక్కర్లేదు. 5 వోల్టులు బయట నుంచి మంచి అడాప్టర్ ఇస్తుంది. పవర్ బోర్డు పూర్తిగా తీసి పక్కన పెట్టేస్తే నీ ప్రొజెక్టర్ పెట్టెలో తెర వైపు మెయిన్స్ అనేదే ఉండదు. బ్యాక్‌లైట్ పీకేస్తే మానిటర్ రెండు సెకన్లకే ఆరిపోతోందని చాలామంది ఏడుస్తుంటారు చూడు, ఆ గొడవ కూడా రాదు. లైటు వెలగలేదని గమనించి అంతా ఆపేసేది ఇన్వర్టర్ వైపు రక్షణే, ఆ ఇన్వర్టరే లేదు ఇక.

#12 నిదానం
టంకంకడ్డీ గారి సలహా బాగుంది, ఒక్క జాగ్రత్త చేర్చాలి. 5 వోల్టులు అనేది ఎక్కువ మానిటర్ల సంగతి, అన్నిటిదీ కాదు. రెండు బోర్డుల్నీ కలిపే వైర్ల కనెక్టర్ దగ్గర బోర్డు మీద తెల్ల అక్షరాలతో 5వీ, 12వీ, గ్రౌండ్ అని ముద్రించి ఉంటుంది. అవి చదివి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. గ్రౌండ్ అన్న పిన్నుకీ, వీడియో కేబుల్ సాకెట్ లోహపు అంచుకీ మధ్య మీటర్ బీప్ కొట్టాలి, కొడితే గ్రౌండ్ అదేనని రూఢి. ప్లస్ మైనస్ తారుమారైతే మెయిన్ బోర్డుకి రెండో అవకాశం ఉండదు. బ్యాక్‌లైట్ ఆన్, బ్రైట్‌నెస్ అని రాసిన పిన్నులు ఖాళీగా వదిలేయండి.

#13 పాతసామాను
ఫోటో పెట్టాను. 5వీ రెండు పిన్నులు, గ్రౌండ్ మూడు, 12వీ ఒకటి. బీప్ కొట్టింది. 5 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్ ఇచ్చాను, బటన్ నొక్కగానే ఆకుపచ్చ లైటు వచ్చింది! తెర మాత్రం నల్లగా ఉంది. పోయినట్టా?

#14 గాజుకన్ను
గది చీకటి చేసి, తెర ముందు నుంచే ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి దగ్గర నుంచి చూడండి.

#15 పాతసామాను
కనిపిస్తోంది!! లీలగా డెస్క్‌టాప్, మౌస్ బాణం కూడా. బాణం కదులుతోంది. ఇంట్లోవాళ్లని పిలిచి చూపిస్తే "ఏముంది అక్కడ, నల్లగా ఉందిగా" అన్నారు. పర్లేదు.

#16 చీకటిగది
అభినందనలు. ఇక అసలు గండం ముందుంది, ఈ ఘట్టంలో నేను ఒక ప్యానెల్ చంపుకున్నాను.

షాక్ కొట్టేవన్నీ అయిపోయాయి కదా అని చెయ్యి తేలికవుతుంది, అక్కడే దెబ్బ తింటాం. గాజు అంచు నుంచి వచ్చే గోధుమరంగు పట్టీలున్నాయే, వాటి మీదే డ్రైవర్ చిప్పులుంటాయి. గాజుకి అవి సోల్డర్‌తో అతుక్కోలేదు, సన్నటి వాహక రేణువులున్న జిగురు పొరతో వేడిచేసి నొక్కి అతికించినవి. ఒక మూల లేచిందా, ఇంట్లో మళ్లీ అతికించే దారి లేదు. నాది అలాగే అయింది. రేకు చట్రం తీస్తూ గాజుని ఒక పక్క నుంచే ఎత్తాను. బోర్డు ఇంకా వెనక స్క్రూకి పట్టుకుని ఉందని చూడలేదు. శబ్దం కూడా రాలేదు. ఆన్ చేస్తే తెర మధ్యలో మూడు వేళ్ల వెడల్పున నిలువు పట్టీ, తెల్లగా.

అందుకని క్రమం ఇది. ముందు మెయిన్ బోర్డు నుంచి ప్యానెల్‌కి వెళ్లే కేబుల్ తీయాలి. కనెక్టర్ రెండు పక్కలా చిన్న నొక్కుళ్లు ఉంటాయి, గోటితో నొక్కి నేరుగా వెనక్కి లాగాలి, వైర్లు పట్టుకుని కాదు. తర్వాత ప్యానెల్ వెనక డ్రైవర్ బోర్డుని పట్టుకున్న స్క్రూలు, టేపులు అన్నీ తీసి బోర్డు స్వేచ్ఛగా ఆడుతోందని చూసుకోవాలి. ఆ తర్వాతే ముందు రేకు చట్రం క్లిప్పులు, చుట్టూ తిరుగుతూ కాస్త కాస్తగా. చివరికి గాజునీ బోర్డునీ కలిపి ఒకే వస్తువులా ఎత్తాలి. రెండు చేతులు చాలవు, ఇంకో మనిషిని పిలవండి. గాజు ఎత్తే మనిషి ఒకరు, బోర్డు పట్టుకునే మనిషి ఒకరు. ఇద్దరూ ఒకేసారి కదలాలి, పల్లకీ మోసినట్టు.

స్టాటిక్ సంగతి కూడా. ఆ చిప్పులకి స్టాటిక్ పడదు. మణికట్టు పట్టీ ఉంటే కట్టుకోండి, లేకపోతే మాటిమాటికీ ఎర్త్ ఉన్న లోహాన్ని ముట్టుకోండి. నైలాన్ బట్టలు, తివాచీ వద్దు. మణికట్టు పట్టీ మాట ఒకటి: తెర పనికి మాత్రమే. కెపాసిటర్ ఖాళీ చేసేటప్పుడు దాన్ని కట్టుకుని ఎర్త్‌కి కలిపి కూర్చోకూడదు.

#17 పాతసామాను
ఆ చివరి వాక్యం చదివి ఉలిక్కిపడ్డా. రెసిస్టర్ ఆనించేటప్పుడు పట్టీ కట్టుకుందామనే అనుకున్నా, ఆ రోజు దొరకలేదు కాబట్టి సరిపోయింది.

చీకటిగది గారూ, అన్నయ్యని పిలుస్తా. ఇంకో సందేహం, బ్యాక్‌లైట్‌లో సన్నటి గాజు గొట్టాలున్నాయి పైనా కిందా. వాటిని ఏం చేయాలి?

#18 నిదానం
అవి కోల్డ్ క్యాథోడ్ ఫ్లోరసెంట్ దీపాలు. పెన్సిల్ కన్నా సన్నం, అడుగు పొడవు, ఊపిరి గట్టిగా తగిలినా విరిగేలా ఉంటాయి. ఒక్కోదానిలో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. వాటిని పట్టుకునే లోహపు గాడిలోంచి తీయనే తీయొద్దు, గాడితో సహా బయటికి లాగి, పాత బట్టలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి పేరు రాసి ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకి ఇవ్వండి.

ఒకవేళ విరిగితే: పిల్లల్నీ పెంపుడు జంతువుల్నీ బయటికి పంపి, కిటికీలు తెరిచి, పది పదిహేను నిమిషాలు మీరూ బయట ఉండండి. వాక్యూమ్ క్లీనర్ పెట్టొద్దు, అది పాదరసాన్ని గాల్లోకి చిమ్ముతుంది. చీపురూ వద్దు. గట్టి అట్టముక్కతో పోగు చేసి, నలకల్ని జిగురు టేపుతో అద్ది, అంతా మూత ఉన్న సీసాలో వేయాలి.

మీరు ఇన్వర్టర్ వాడట్లేదు కాబట్టి చదువుతున్న మిగతావాళ్ల కోసం ఒక ముక్క. ఈ దీపాలు నడిచేటప్పుడు వాటి మీద ఆరేడు వందల వోల్టులు ఉంటాయి, వెలిగించే క్షణంలో వెయ్యి దాటుతుంది. విప్పిన మానిటర్‌ని ప్లగ్ పెట్టి, ఆ గులాబీ రంగు వైర్ల దగ్గర వేలు పెట్టి "వస్తోందా" అని చూడొద్దు.

#19 కొత్తచేయి
నమస్తే, మధ్యలో దూరుతున్నా. నా దగ్గర వెనక పెద్ద బొజ్జ ఉన్న పాత మానిటర్ ఉంది. దాంతో కూడా ఇలా చెయ్యొచ్చా?

#20 టంకంకడ్డీ
వద్దు. అది పిక్చర్ ట్యూబ్. దానిలో వెలుతురు లోపలే పుడుతుంది, వెనక నుంచి లైటు వేయడానికి అక్కడ పారదర్శకమైన తెరే లేదు. విప్పి లాభం లేదు సరికదా, ట్యూబు పక్కనున్న రబ్బరు టోపీ కింద ఇరవై వేల వోల్టుల పైన ఉంటుంది. ఆ గాజు ట్యూబే ఒక కెపాసిటర్, ఆపేశాక కూడా పట్టుకుని ఉంటుంది. పైగా లోపల శూన్యం, మెడ విరిగితే గాజు లోపలికి కుప్పకూలి బయటికి చిమ్ముతుంది. నేను ముప్పై ఏళ్లు వాటితోనే బతికాను, అయినా ఒంటరిగా ఉన్నప్పుడు విప్పేవాణ్ని కాదు. మూత కూడా తీయకు.

#21 కొత్తచేయి
సరే మాస్టారూ. ఈ-వ్యర్థాల్లో ఇచ్చేస్తా.

#22 పాతసామాను
గాజు బయటికొచ్చింది! అన్నయ్య బోర్డు పట్టుకున్నాడు, నేను గాజు. "ఎత్తు, ఎత్తు, ఆగు ఆగు" అంటూ అరచేతులు చెమటలు పట్టాయి. రెండు బోర్డుల మధ్య పట్టీ పొడుగ్గానే ఉంది, రెండూ పక్కకి తెరుచుకుంటున్నాయి. కేబుల్ మళ్లీ పెట్టి 5 వోల్టులిచ్చి కిటికీకి ఎదురుగా పట్టుకుంటే డెస్క్‌టాప్ గాల్లో తేలుతోంది. గాజు కిటికీకి బొమ్మ అంటించినట్టుంది.

వెనకున్న మందపాటి అక్రిలిక్ పలక, తెల్ల కాగితాల్లాంటి పొరలు పనికొస్తాయా? ఇంకొకటి, తెర ముందువైపు గరుకుగా ఉంది. దాన్ని తడిపి ఊడదీస్తే బొమ్మ పదునుగా వస్తుందని ఎక్కడో చదివా.

#23 గాజుకన్ను
పలకా పొరలూ దాచుకోండి, వేరే సరదాలకి పనికొస్తాయి, ఇందులో వద్దు. అవి వెలుతురుని అన్ని దిక్కులకీ చెదరగొట్టడానికి పుట్టినవి, మనకి కావాల్సింది తిన్నగా వెళ్లే వెలుతురు.

గరుకు పొర జోలికి ఇప్పుడే వెళ్లకండి. అది పోలరైజర్ మీద పూత. పోలరైజర్ అంటే ఒకే దిశలో ఊగే వెలుతురుని మాత్రమే వదిలే పొర, అది లేకపోతే బొమ్మ కనిపించదు. తడిపి ఊడదీస్తే చాలాసార్లు పోలరైజరే లేచి వస్తుంది, అప్పుడు తెర వట్టి గాజుముక్క. ముందు ఉన్నదున్నట్టు వేసి చూడండి. తుడవాలంటే మైక్రోఫైబర్ గుడ్డ, డిస్టిల్డ్ వాటర్ చాలు. అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రావకాలు, అసిటోన్ తగలనివ్వద్దు.

లెన్సుల వరస చెప్తా. ఎల్ఈడీ ముందు 220 మి.మీ. ఫోకల్ దూరమున్న ఫ్రెనెల్ లెన్స్ (ఒక వైపు గుండ్రటి గాళ్లున్న పల్చటి పలక లెన్స్), అది వెలుతురుని సమాంతరం చేస్తుంది. తర్వాత మీ తెర. తెరకి అటువైపు 330 మి.మీ. ఫ్రెనెల్, అది వెలుతురునంతా ప్రొజెక్షన్ లెన్స్‌లోకి పోగు చేస్తుంది. రెండు ఫ్రెనెల్‌ల గాళ్లూ తెర వైపే చూడాలి, నున్నటి వైపు కాదు. తెరకీ ఫ్రెనెల్‌కీ మధ్య 15 మి.మీ. దాకా ఖాళీ వదలండి, లేకపోతే గాళ్ల గీతలు పిక్సెళ్లతో కలిసి అలలు అలలుగా గోడ మీద పడతాయి. ఆ ఖాళీలోంచే గాలి కూడా పోవాలి.

ప్రొజెక్షన్ లెన్స్ 320 మి.మీ. అనుకుందాం. 15 అంగుళాల తెర గోడ మీద 75 అంగుళాలు కావాలంటే ఐదు రెట్లు. గోడ నుంచి లెన్స్‌కి 320ని ఆరుతో గుణించినంత, అంటే 1920 మి.మీ. లెన్స్ నుంచి తెరకి 384 మి.మీ. ఇక్కడ చిన్న తిరకాసు ఉంది, రెండో ఫ్రెనెల్ వెలుతురుని 330 దగ్గర కలుపుతుంది, లెన్స్ అంతకన్నా దూరంగా ఉంది. ఎల్ఈడీని 220 దగ్గర కాకుండా ఒకటిన్నర సెంటీమీటర్ లోపలికి, 205 దగ్గరికి జరిపితే కలిసే చోటు సరిగ్గా లెన్స్ మీదికి వెళ్తుంది. మూలలు చీకటిగా వస్తున్నాయని అందరూ అనేది ఇక్కడే.

#24 తొందరబాబు
ఇంత కష్టం ఎందుకు బ్రో, ప్రొజెక్టర్ ఒకటి కొనుక్కుంటే పోలా?

#25 చీకటిగది
కొనుక్కుంటే పోతుంది, ఇక్కడ అందరికీ తెలుసు ఆ సంగతి.

వెలుతురు మాత్రం ఆశ పెట్టుకోవద్దు, అది నిజమే. రంగుల ఎల్‌సీడీ ప్యానెల్ తన మీద పడ్డ వెలుతురులో పదో వంతు కూడా బయటికి వదలదు. మొదటి పోలరైజరే సగం మింగుతుంది, రంగుల ఫిల్టర్లు మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు. 100 వాట్ల ఎల్ఈడీ పెట్టినా పగటిపూట గోడ మీద ఏమీ కనిపించదు. రాత్రి, కిటికీలు మూసి, అప్పుడు బాగుంటుంది.

#26 పాతసామాను
పెట్టె చేశాను. 100 వాట్ల ఎల్ఈడీ, పెద్ద హీట్‌సింక్, ఫ్యాన్. మొదటిసారి గోడ మీద బొమ్మ పడినప్పుడు తలకిందులుగా వచ్చింది, లెన్స్ తిప్పేస్తుందని తెలిసీ మర్చిపోయా. తెరని తలకిందులు చేసి పెట్టా. మౌస్ బాణం అరచేయంత ఉంది!

కానీ పన్నెండు నిమిషాలకి బొమ్మ మధ్యలో నల్లటి మచ్చ మొదలైంది. సిరా చుక్క నీళ్లలో వేసినట్టు మెల్లగా పెరుగుతూ పళ్లెమంత అయింది. గుండె ఆగినంత పనైంది, ఆపేశా. అరగంటాగి పెడితే మచ్చ లేదు. తెర పాడైందా?

#27 చీకటిగది
పాడవలేదు, హెచ్చరించింది. లిక్విడ్ క్రిస్టల్ ఒక హద్దు దాటి వేడెక్కితే తన క్రమం వదిలేసి మామూలు ద్రవమైపోతుంది, వెలుతురుని మెలిపెట్టడం మానేస్తుంది, అక్కడ నలుపు. చల్లారితే మళ్లీ క్రమంలోకి వస్తుంది. ప్యానెళ్లు సాధారణంగా 50 డిగ్రీల దాకా అని చెప్పి అమ్ముతారు, మీరు అది ఎప్పుడో దాటేశారు. మళ్లీ మళ్లీ ఇలా అయితే పోలరైజర్ పసుపెక్కి కాలిపోతుంది, అది వెనక్కి రాదు.

మీరు ఫ్యాన్ ఎల్ఈడీకి పెట్టారు. తెరకి పెట్టారా? మింగిన వెలుతురంతా వేడిగా మారేది తెరలోనే. తెరకీ ఫ్రెనెల్‌కీ మధ్య ఆ 15 మి.మీ. సందులోంచి కింది నుంచి పైకి గాలి పోయేలా రెండు ఫ్యాన్లు పెట్టండి, రెండు వైపులా గాలి తగలాలి. ఎల్ఈడీ గదికీ తెర గదికీ మధ్య అడ్డు పెట్టండి, అక్కడి వేడిగాలి ఇటు రాకుండా.

#28 నిదానం
ఇంకో ప్రశ్న. ఆ ఎల్ఈడీ డ్రైవర్‌కి మెయిన్స్ వస్తుంది కదా, దాని మీద మూత ఉందా? మార్కెట్లో దొరికే వాటిలో కొన్నిటికి మెయిన్స్‌కీ ఎల్ఈడీకీ మధ్య ఐసొలేషన్, అంటే రెంటినీ నేరుగా కలవకుండా విడదీసే ఏర్పాటు ఉండదు. అలాంటిది వాడి, హీట్‌సింక్ ముట్టుకుంటే మీరు ఆ పవర్ బోర్డు తీసి పారేసింది ఎందుకో అర్థం లేకుండా పోతుంది. ఐసొలేటెడ్ అని ఉన్నదే తీసుకోండి, హీట్‌సింక్‌ని ఎర్త్ వైరుకి కలపండి, వరసలో ఒక ఫ్యూజు వేయండి. పెట్టె చెక్కదా, అట్టదా?

#29 పాతసామాను
ప్లైవుడ్ అండీ. డ్రైవర్ మూత లేకుండా కింద ఓ మూల పడి ఉంది, ఒప్పుకుంటున్నా. ఈ వారం దానికి రేకు డబ్బా చేసి, ఎర్త్ కలిపి, అప్పుడే మళ్లీ ఆన్ చేస్తా.

#30 పాతసామాను
పది రోజుల తర్వాత వస్తున్నా. డ్రైవర్ ఐసొలేటెడ్‌ది మార్చాను, రేకు డబ్బాలో ఉంది, ఎర్త్ ఉంది, ఫ్యూజు ఉంది. తెరకి రెండు ఫ్యాన్లు. థర్మామీటర్ తీగ తెర అంచుకి అంటించా, గంటన్నర నడిచాక 41 డిగ్రీల దగ్గర నిలబడింది. మచ్చ రాలేదు. ఎల్ఈడీని 205 దగ్గరికి జరిపాక మూలలు కూడా తెరుచుకున్నాయి, కుడి పైమూల మాత్రం ఇంకా కాస్త మబ్బుగానే ఉంది, ఫ్రెనెల్ వంగిందేమో.

ఫ్యాన్ల గోల ఎక్కువగా ఉంది. మాటలు వినపడాలంటే సౌండు పెంచాలి. 12 వోల్టుల ఫ్యాన్లకి 9 వోల్టులు ఇచ్చి చూడనా?

#31 చీకటిగది
ఇవ్వండి, థర్మామీటర్ మీద కన్నుంచండి. 45 దాటితే మళ్లీ పెంచేయండి. మబ్బు మూల సంగతి గాజుకన్ను గారే చెప్పాలి.

#32 తొందరబాబు
బ్రో, ఆ 2.2 కిలో ఓంలకి వైర్లు ఎంత పొడుగు వేశావు? నా దగ్గర నాలుగోది ఉంది, చచ్చినదే.

#33 పాతసామాను
జానెడు వేశా. ఇన్సులేషన్ ఉన్న మొసలి క్లిప్పు ఒకటి ఒక చివర పెట్టుకో, ఒక చేత్తోనే పనైపోతుంది. ఎంత వచ్చిందో ఇక్కడ రాయి.